ఫ్రిజ్‌లో 14 వారాల చలికాలం

మా చెల్లెలు ఇంగ్లండులో, లీడ్స్‌లో ఉంటుంది. మార్చి వచ్చిందంటే ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడుతుంది. రోడ్డు పక్కన గడ్డిలో పసుపుపచ్చ పూలు, వెనకాల బస్‌స్టాపు, అంతే. వెళ్లిన మొదటి ఏడాది ఆ పూలు చూసి ఏడుపొచ్చేసిందని ఫోన్‌లో చెప్పింది. "ఏడుపెందుకే, ఒంట్లో బాగుందా?" అని అమ్మ కంగారు పడింది. "ఏం లేదమ్మా, చలికాలం అయిపోయింది" అంది చెల్లెలు.

తిరుపతిలో కూర్చుని వింటే ఆ మాట నాకు అర్థం కాలేదు. మనకు చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున చన్నీళ్లు జివ్వుమనడం, కొండమీదికి పోయేటప్పుడు బ్యాగులో స్వెటర్ పెట్టుకోవడం. అది అయిపోతే మనం దిగులుపడతాం, ఎందుకంటే వెనకే వచ్చేది 42 డిగ్రీల ఎండ. అయినా ఆ ఫొటో నన్ను వదల్లేదు. మట్టిలో ఉన్న గడ్డకి చలికాలం అయిపోయిందని ఎట్లా తెలుస్తుంది? అది పూస్తే మనిషికి కళ్లలో నీళ్లెందుకు తిరుగుతాయి? మొదటి ప్రశ్న పట్టుకుని పోయేసరికి, "చలి పడితే పూలు పూస్తాయి" అని మనం తేలిగ్గా అనేసే మాటలో నాలుగు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయని తెలిసింది.

ఆ పువ్వు పేరు డాఫడిల్. నార్సిసస్ జాతి. ఉర్దూలో నర్గిస్ అనేది ఈ జాతి పువ్వునే. పుట్టిల్లు ప్రధానంగా స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. ఇది వేల్స్ దేశపు జాతీయ పుష్పం కూడా. అక్కడ మార్చి 1న, సెయింట్ డేవిడ్ పండుగ రోజు, కోటుకి గుచ్చుకుంటారు. వృక్షశాస్త్రం ప్రకారం దీని కుటుంబం అమరిల్లిడేసి. మన ఎర్రగడ్డ, తెల్లగడ్డ కూడా ఇప్పుడు ఆ కుటుంబంలోనే ఉన్నాయి. గడ్డ చూస్తే అచ్చం ఎర్రగడ్డే, కాకపోతే పొట్టు గోధుమరంగు.

ఆ పోలిక ప్రమాదం కూడా. రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఆరు గడ్డలు తెప్పించి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టాను. మర్నాడు అమ్మ ఒకటి తీసి కత్తిపీట ముందు కూర్చుంది. "ఏందిరా ఈ ఎర్రగడ్డ, ఘాటే లేదు" అంటూ పొట్టు తీస్తోంది. పరుగున పోయి చేతిలోంచి తీసుకున్నాను. డాఫడిల్ గడ్డలో లైకోరిన్ అనే విషం ఉంటుంది. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎర్రగడ్డ అనుకుని వండుకుని ఆస్పత్రి పాలైనవాళ్లు వేరే దేశాల్లో ఉన్నారు. ఆ రోజే గడ్డల్ని ఒక డబ్బాలోకి మార్చి, మూత మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో "విషం" అని పెద్దక్షరాలతో రాశాం. ఎవరైనా ఇంట్లో పెంచాలనుకుంటే ముందు చెయ్యాల్సింది ఈ పనే. ఇదే జాతి మొక్కలో గాలంటమిన్ అనే ఇంకో పదార్థం ఉంటుంది. అల్జీమర్స్ జబ్బులో మతిమరుపు కాస్త నెమ్మదించడానికి దాన్ని మందుగా ఇస్తారు. దానికోసమే వేల్స్ కొండల్లో డాఫడిల్ సాగు చేస్తున్నారు కూడా.

ఫ్రిజ్ ఎందుకంటే, ఈ గడ్డకి సుమారు 12 నుంచి 16 వారాలపాటు 9 డిగ్రీల లోపు చలి కావాలి. తిరుపతిలో జనవరి రాత్రి కూడా 17, 18 డిగ్రీల దగ్గర తచ్చాడుతుంది. తిరుమల మీద, మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ మీద చలి ఎక్కువే గానీ, మూడు నెలలు ఏకబిగిన అంత చలి అక్కడా ఉండదు. అందుకని అక్టోబరు మధ్యలో ఫ్రిజ్‌లో పెట్టి, 14 వారాలు లెక్కపెట్టి, జనవరి ఆఖర్లో తీసి తొట్లలో నాటాను. ఆకులు జానెడు పొడుగు వచ్చాయి, ముదురాకుపచ్చగా, కత్తుల్లాగా. రోజూ పొద్దున్నే పోయి ఆకుల మధ్య వేలు పెట్టి తడిమేవాణ్ణి. మొగ్గ రాలేదు. మార్చి ఆఖరుకి ఆకులు పండిపోయాయి.

పోయింది ఎట్లాగూ పోయిందని ఒక గడ్డ తవ్వి నిలువునా కోశాను. లోపల ఎర్రగడ్డలో లాగే పొరమీద పొర. అడుగున గట్టిగా చిన్న పళ్లెంలాంటి భాగం, అసలు కాండం అదే. దాని నుంచి పైకి పొట్టి కాడ ఒకటి, అగ్గిపుల్లలో సగం కూడా లేదు. కాడ చివర మెంతిగింజకంటే కాస్త పెద్దగా, గోధుమరంగు పల్చటి పొరలో చుట్టుకుని ఎండిపోయింది ఒకటి ఉంది. గోటితో పొర తీస్తే లోపల ముడతలు పడిన రేకులు. అది పువ్వు. గడ్డ మెడ దగ్గరే ఆగిపోయి, బయటికి రాకుండానే ఎండిపోయింది.

డాఫడిల్ గురించి అందరికీ చెప్పాలని నాకనిపించేది ఆ కోసిన గడ్డలో కనిపించినదే. వసంతంలో కనిపించే పువ్వు వసంతంలో తయారైంది కాదు. అది కిందటి ఎండాకాలపు పువ్వు. పూత అయిపోయాక ఆకులు ఆరు వారాలో ఇంకాస్త ఎక్కువో పచ్చగా ఉండి, ఎండని తిండిగా మార్చి గడ్డలో దాస్తాయి. ఆ ఆకులు వాడిపోయే రోజుల్లోనే, గడ్డ నడిమధ్య, కంటికి కనిపించనంత చిన్న మొన మీద వచ్చే ఏడాది పువ్వు మొదలవుతుంది. రేకులు, మధ్యలో గిన్నెలాంటి బూర, కేసరాలు, అండాశయం, అన్నీ ఒక్కొక్కటే ఏర్పడి, ఎండాకాలం ముగిసేసరికి బుల్లి పువ్వు సిద్ధంగా ఉంటుంది. నేను అక్టోబరులో కొన్న గడ్డలో పువ్వు అప్పటికే ఉందన్నమాట. పూలు రాలగానే అందంగా లేవని ఆకులు కోసేస్తే మరుసటి ఏడాది పూలు రాకపోవడానికి కారణం కూడా ఇదే.

మరి చలి చేసే పనేంటి? చల్లదనంలో గడ్డ నిద్రపోదు. వేళ్లు దిగుతాయి. దాచుకున్న పిండిపదార్థం మెల్లగా చక్కెరగా మారుతుంది. జిబ్బరెలిన్ వంటి హార్మోన్ల పని మారి, కాడ సాగడానికి సిద్ధపడుతుంది. చలి చాలకపోతే కాడ సాగదు, పువ్వు లోపలే ఉండిపోతుంది. చలి సరిపోయి ఆ తర్వాత కాస్త వెచ్చబడితే, కాడలో అప్పటికే ఉన్న కణాలు నీళ్లు తాగి సాగడం మొదలుపెడతాయి. చాలావరకు ఉన్న కణాలే సాగడం కాబట్టి అంత వేగం. నిన్న బోడిగా ఉన్న గడ్డి ఇవాళ పసుపుపచ్చగా ఉందని చెల్లెలు ఆశ్చర్యపోతుంది గానీ, ఆ పని తొమ్మిది నెలల నుంచీ జరుగుతోంది.

నా గడ్డలకి చలి అందింది కదా, మరి మొగ్గ ఎందుకెండింది? అదే ఫ్రిజ్‌లో ఆపిల్స్, సపోటాలు ఉన్నాయి. పండే పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. మామిడికాయల్ని గడ్డిలో కప్పిపెడితే ఒకదాన్ని చూసి ఒకటి పండేది దానివల్లే. అదే వాయువు మూసిన అరలో గడ్డలోని మొగ్గకి చేటు. రెండో ఏడాది కొత్త గడ్డలు తెచ్చి, పళ్లన్నీ బయట పెట్టి, అమ్మతో చిన్న తగాదా కూడా పడి, మళ్లీ 14 వారాలు ఆగాను. ఆరింటిలో రెండు పూశాయి.

మొగ్గ మొదట నిటారుగా, ఆకుపచ్చ పెన్సిల్ మొనలా వచ్చింది. ఒక రోజు చూస్తే మెడ పక్కకి వంచింది. ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు. ఆ మర్నాడు పైపొర చీలింది. మడత విప్పిన పట్టుబట్టలాగా నలిగిన రేకులు, మధ్యాహ్నానికి నున్నగా పరుచుకున్నాయి. నడుమ బూర అంచుకి సన్నటి కుచ్చులు. ఉత్తరం వైపు వరండాలో, ఎండ తగలకుండా పెట్టినా ఫిబ్రవరి వేడికి నాలుగు రోజులే ఉంది. లీడ్స్ చల్లదనంలో అదే పువ్వు రెండు వారాలు ఉంటుందట. అక్కడ రాత్రి మంచు గడ్డకడితే పూలన్నీ నేలకి వాలిపోతాయనీ, ఎండ పడగానే మళ్లీ లేచి నిలబడతాయనీ చెల్లెలు చెప్పింది. చచ్చిపోయాయనుకుని మొదటిసారి బాధపడిందట. (ఇంత శ్రమ వద్దనుకునేవాళ్లకి పేపర్‌వైట్ అనే తెల్ల నార్సిసస్ ఉంది. దానికి చలే అక్కర్లేదు.)

ఇక మిగతా సంగతులు. గోధుమలో చలికాలపు రకాలు, క్యాబేజీ లాంటివాటికి చలి వేరే పని చేస్తుంది. వాటిలో పువ్వు ముందుగా తయారై ఉండదు. చలి తగిలితేనే పువ్వు వెయ్యాలన్న నిర్ణయం జరుగుతుంది. మన పలమనేరు, కుప్పం వైపు రైతులు క్యాబేజీ బ్రహ్మాండంగా పండిస్తారు, కానీ చేలో క్యాబేజీ పూత చూసినవాళ్లు అరుదు. దానికి పూత రావాలంటే వారాల తరబడి గట్టి చలి కావాలి. అందుకే విత్తనం హిమాచల్, కాశ్మీర్ లాంటి చలి కొండల్లో తీస్తారు. ఇట్లా చలి తగిలాకే మొక్క పూతకి సిద్ధపడటాన్ని వెర్నలైజేషన్ అంటారు. ఆవాల కుటుంబంలోని ఒక చిన్న మొక్క మీద ఇంగ్లండులోని నార్విచ్‌లో కారొలిన్ డీన్ అనే శాస్త్రవేత్త బృందం ఏళ్ల తరబడి పనిచేసి దీని లోగుట్టు చాలావరకు విప్పింది. పూతని ఆపే జన్యువు ఒకటి ఉంటుంది. చలిలో అది ఒక్కసారిగా ఆగిపోదు, ఒక కణంలో ఆగి, ఇంకో కణంలో ఆగి, వారాలు గడిచేకొద్దీ ఆగిన కణాల సంఖ్య పెరుగుతుంది. ఒకసారి ఆగినది వెచ్చబడ్డాక కూడా ఆగే ఉంటుంది. మొక్క చలికాలాన్ని గుర్తుపెట్టుకోవడం అంటే ఇదే. గింజ పడ్డాక ఆ జ్ఞాపకం చెరిగిపోయి, పిల్లమొక్క మళ్లీ మొదట్నుంచీ చలి చూడాలి.

ఆ చివరి మాటని తప్పుగా చెప్పినందుకు ఒక దేశం చాలా నష్టపోయింది. సోవియట్ యూనియన్‌లో లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు, చలి చూపించిన గోధుమ గుణం దాని పిల్లమొక్కలకి కూడా వస్తుందని వాదించి, అధికారం అండతో దాన్నే శాస్త్రంగా చలామణీ చేశాడు. ఎదురు చెప్పిన గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయాడు. మొక్కకీ చలికీ ఉన్న సంబంధం గురించి జాగ్రత్తగా మాట్లాడాలని నాకు గట్టిగా అనిపించేది ఈ కథ వల్ల.

ఆపిల్ ఇంకో రకం. పూమొగ్గ ఎండాకాలంలోనే తయారవుతుంది, డాఫడిల్ లాగే. కానీ అది నిజంగా నిద్రపోతుంది. 7 డిగ్రీల లోపు చలి సుమారు వెయ్యి గంటలు పడితే గానీ మామూలు రకాలు నిద్ర లేవవు.

నాలుగోది మన మామిడి. పాకాల దగ్గర మా మామకి తోట ఉంది. ఎక్కువ తోతాపురి, కొన్ని బేనీషా, గట్టు మీద రెండు కాలేపాడు చెట్లు. డిసెంబరులో ఫోన్ చేస్తే మామ మొదట చెప్పేది వాతావరణమే. "నాలుగు రాత్రులు చలి బాగా పట్టిందిరా, ఇంక పూత వస్తాది" అంటాడు. లేకపోతే, "మళ్లీ వాన పడింది, అంతా చిగురు పోతోంది" అని టెన్షన్ పడతాడు. శాస్త్రం చెప్పేది కూడా ఇదే. మామిడి కొమ్మ చివరి మొగ్గ ఆకూ కావచ్చు, పువ్వూ కావచ్చు. అది కదలడం మొదలుపెట్టిన సమయంలో రాత్రులు చల్లగా ఉండి, కొమ్మ మీద ముదురు ఆకులు ఉంటే పూత. వెచ్చగా, తడిగా ఉంటే చిగురు. ఆకు నుంచి మొగ్గకి ఒక సంకేతం పోతుందని 1930లలోనే ఊహించి చైలఖ్యాన్ అనే శాస్త్రజ్ఞుడు దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఒక ప్రొటీన్ అని వేరే మొక్కల్లో తేలేసరికి 2007 వచ్చింది. గోధుమకి ఉన్న జ్ఞాపకం మామిడికి లేదు. మొగ్గ కదిలే వేళ చలి ఉందా లేదా, అంతే లెక్క. అందుకే ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా సాగితే మన చిత్తూరు రైతు గుండె అంత దడదడలాడేది.

చలి సరిగా పట్టని చోట రైతులు వేరే దారి పట్టారు. చెట్టు పాదులో కల్టార్ అనే మందు పోస్తారు. అది చెట్టులో జిబ్బరెలిన్ తయారీని తగ్గించి చిగురుని ఆపుతుంది. డాఫడిల్ కాడని సాగదీసే ఆ హార్మోనే మామిడిలో పూతకి అడ్డం. ఫిలిప్పీన్స్‌లో రామన్ బార్బా అనే శాస్త్రజ్ఞుడు 1970లలో పొటాషియం నైట్రేట్ నీళ్లు చల్లి మామిడిని పూయించే పద్ధతి కనిపెట్టాడు. ఇక చామంతి సంగతికొస్తే, దానికి చలి కాదు, రాత్రి పొడుగు లెక్క. కుప్పం వైపు చామంతి తోటల్లో రాత్రిళ్లు బల్బులు వెలిగేది పూతని కొంతకాలం వాయిదా వెయ్యడానికే.

ఇంత తెలిశాక కూడా చెల్లెలి ఏడుపు ప్రశ్న అట్లాగే మిగిలింది. దాని జవాబు చలిలో కంటే వెలుతురులో ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో లీడ్స్‌లో పగలు ఏడున్నర గంటలు కూడా ఉండదు. తిరుపతిలో అదే రోజు 11 గంటల 20 నిమిషాల దాకా ఉంటుంది. చెల్లెలు చీకట్లో ఆఫీసుకి పోయి చీకట్లో ఇంటికొస్తుంది. కంటిలో పడే వెలుతురే శరీరంలోని గడియారాన్ని దిద్దుతుంది. అది తగ్గితే నిద్ర, ఆకలి, మనసు మూడూ అదుపు తప్పుతాయి. మానసిక వైద్యుడు నార్మన్ రోజెంతాల్, ఆయన తోటివాళ్లు 1984లో దీన్ని ఒక రకం డిప్రెషన్‌గా వర్ణించారు. మొదటి చలికాలం చెల్లెలు ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడటం, "నిద్ర చాలట్లేదు" అనడం ఇప్పుడు గుర్తుచేసుకుంటే నాకు బాధేస్తుంది. మేం అది ఇంటిమీద బెంగ అనుకున్నాం.

మార్చిలో అక్కడ పగలు రోజుకి నాలుగు నిమిషాల చొప్పున పెరుగుతుంది. తిరుపతిలో నిమిషం కూడా పెరగదు. మార్చి 20 దగ్గర రెండు ఊళ్లలో పగలు ఇంచుమించు సమానమవుతుంది. ఆ ఫొటో వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. చెల్లెలికి మన తిరుపతి పగలు తిరిగి దొరికే వేళకి ఆ పూలు రోడ్డు పక్కన ఉంటాయి. చుట్టూ ఇంకా బోడి చెట్లు, బురద, బూడిదరంగు ఆకాశం. వాటి మధ్య అంత పసుపు. అప్పుడు కళ్లలో నీళ్లు రావడంలో ఇప్పుడు నాకు వింతేమీ కనిపించదు.

పూలు పూసే ఆ రోజు కూడా ముందుకి జరుగుతోంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో 2022లో వచ్చిన ఒక అధ్యయనం బ్రిటన్‌లోని 406 రకాల మొక్కల పూత తేదీలు చూసింది. 1987 తర్వాత మొదటి పువ్వు సగటున దాదాపు నెల ముందే కనిపిస్తోందని తేల్చింది. ముందు పూస్తే ముందు సంతోషమే కదా అనిపిస్తుంది. కానీ తొందరపడి విచ్చిన పువ్వు మీద ఆలస్యంగా వచ్చే మంచు పడుతుంది, పురుగులకీ పూలకీ వేళలు కలవవు. మామ తోటలో సమస్య ఇంకో వైపు నుంచి వస్తోంది. రాత్రులు చల్లబడటానికి ఆలస్యమైతే పూత రెండు మూడు విడతలుగా వస్తుంది. అన్నిటికీ తేనెమంచు పురుగు మందు విడివిడిగా కొట్టాలి.

మన దగ్గర డాఫడిల్ లేదని మాత్రం ఇప్పుడు అనను. ఉగాదికి వేపపూత ఉంటుంది, శేషాచలం మీద మోదుగ ఎర్రబడుతుంది. కానీ దానికి నిజమైన చుట్టం అమ్మ పెరట్లోనే ఉంది. పాత సిమెంటు తొట్టిలో, ఏడాదిలో చాలా నెలలు ఒట్టి మట్టే కనిపించే తొట్టిలో, మా అవ్వ నాటిన గడ్డ ఒకటుంది. మేం మే ఫ్లవర్ అంటాం, కొందరు ఫుట్‌బాల్ లిల్లీ అంటారు. ఆఫ్రికా నుంచి వచ్చిన మొక్క, డాఫడిల్ కుటుంబమే, విషం కూడా అంతే. దానికి చలితో పనిలేదు. అది ఓర్చుకునేది ఎండు కాలాన్ని. మేలో, కత్తెర ఎండల్లో, ఒక వడగళ్ల వాన పడి మట్టి తడిస్తే, ఆకు కూడా రాకముందే ఎర్రటి మొగ్గ మట్టిని పగలగొట్టుకుని వస్తుంది. మూడు నాలుగు రోజుల్లో పిడికిలికంటే పెద్ద ఎర్రబంతి.

చిన్నప్పుడు ఆ తొట్టి పక్కన ఎవరు ముందు మొగ్గ చూస్తారా అని నాకూ చెల్లెలికీ పందెం. కిందటి మేలో ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. అక్కడ తెల్లారకముందే జవాబొచ్చింది. "అవ్వ తొట్టేనా అది? వాన పడిందా అన్నా?"